షిఫ్టుల మధ్య ఫోన్ మోగితే విశ్రాంతి లెక్క మళ్లీ మొదలవ్వాలి

రాత్రి 8 గంటలకు డ్యూటీ దిగి, మర్నాడు ఉదయం 8 గంటలకు మళ్లీ ఎక్కాల్సిన ఉద్యోగికి కాగితం మీద 12 గంటల విరామం ఉంటుంది. ఆ రాత్రి అతను ఆన్‌కాల్‌లో, అంటే పిలుపొస్తే వెంటనే పని అందుకోవాల్సిన స్థితిలో ఉన్నాడనుకుందాం. 2 గంటలకు ఫోన్ మోగింది. 3:15కి పని ముగిసింది. రికార్డులో నమోదయ్యేది గంటంబావు అదనపు పని మాత్రమే. అతనికి మిగిలినవి మాత్రం ఆరు గంటల ముక్క ఒకటి, ఐదు గంటలైనా నిండని ముక్క మరొకటి. రోస్టర్ వేసేవారు ఆ రెండింటినీ కూడగలరు కానీ, శరీరం కూడలేదు.

ఐరోపా సమాఖ్య 2003లో తెచ్చిన పనివేళల ఆదేశం ప్రతి 24 గంటల్లో కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలంటూ, అది ఏకబిగిన దక్కాలని కూడా చెప్పింది. నా దృష్టిలో ఆ నిబంధనకు ప్రాణం అంకెలో కాదు, ఏకబిగిన అన్న షరతులో ఉంది. ఆసుపత్రులు, అగ్నిమాపక కేంద్రాల వంటి చోట్ల దీనికి మినహాయింపులున్నాయి; అయితే కోల్పోయిన విశ్రాంతిని మరో రూపంలో భర్తీ చేయాలి. జర్మనీలోని ఒక ఆసుపత్రి వైద్యుడి కేసులో ఐరోపా న్యాయస్థానం అదే ఏడాది రెండు విషయాలు తేల్చింది. ఆసుపత్రిలోనే ఉండాల్సిన ఆన్‌కాల్ డాక్టరుకు మంచమున్న గది ఇచ్చినా, అతను అందులో నిద్రపోయినా, ఆ సమయమంతా పనివేళ కిందికే వస్తుంది. భర్తీ విశ్రాంతి కూడా ఆ పని ముగిసిన వెంటనే దక్కాలి. మొదటి మాటకు వచ్చినంత ప్రచారం రెండోదానికి రాలేదు, ఉద్యోగికి ఎక్కువ అక్కరకొచ్చేది మాత్రం అదే.

ఇంటి దగ్గర ఉండి ఎదురుచూసే వారి సంగతి ఇంకా చిక్కైనది. పిలుపు అందిన 8 నిమిషాల్లో స్టేషన్‌కు చేరాల్సిన బెల్జియం అగ్నిమాపక సిబ్బంది విషయంలో, ఇంట్లో గడిపిన ఆ సమయం కూడా పనేనని అదే న్యాయస్థానం 2018లో చెప్పింది. సొంత పనులు చూసుకునే స్వేచ్ఛ ఎంత కుంచించుకుపోయిందన్నదే గీటురాయి అని 2021 మార్చిలో వచ్చిన తీర్పులు వివరించాయి. సరైన గీటురాయే. కానీ అది పనివేళను తేలుస్తుంది తప్ప జీతాన్ని కాదు. నిరీక్షణకు ఎంత చెల్లించాలన్నది ఆయా దేశాల చట్టాలకూ ఒప్పందాలకూ మిగిలిపోయింది.

ఇక్కడ నన్ను ఎక్కువగా కలవరపరిచేది ఫోన్ మోగని రాత్రి. స్వీడన్ పరిశోధకులు ఓడ ఇంజినీర్ల నిద్రను, మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షతో పరిశీలించి 1988లో ప్రచురించిన అధ్యయనంలో, ఆన్‌కాల్ రాత్రుల్లో గాఢనిద్ర తగ్గింది, గుండె వేగం పెరిగింది. ఈ మార్పుల్లో చాలా వరకు ఒక్క అలారం కూడా మోగకముందే కనిపించాయి. ఎప్పుడు లేపుతారోనన్న బెంగే నిద్రను తినేస్తుందన్న మాట. పొద్దున ‘రాత్రి ఒక్క కాల్ కూడా రాలేదుగా’ అనే సూపర్‌వైజరుకు, కళ్లు మండుతున్న ఉద్యోగి చూపించగల సాక్ష్యం ఏదీ ఉండదు.

దీని మూల్యం ఉద్యోగి ఒక్కడే చెల్లించడు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి దిగజారుతుందని 1997లోనే తేలింది. అమెరికాలో ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలోని ఇంటర్న్ డాక్టర్లపై 2004లో వెలువడిన అధ్యయనంలో, కుదించిన షిఫ్టులతో పోలిస్తే, 24 గంటలకు మించిన సంప్రదాయ షిఫ్టుల్లో తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయి.

మనుషులు చాలరన్నది యాజమాన్యాల వాదన. చిన్న బృందాల్లో అది నిజమే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయినా ఆ కొరతను ఇప్పుడు భరిస్తున్నది ఉద్యోగి నిద్ర. 3:15కి పని ముగించినవాడికి 11 గంటల లెక్క అక్కడి నుంచే మొదలుపెడితే, మధ్యాహ్నం 2:15 దాకా అతన్ని పిలవకూడదు. ఆ ఉదయం షిఫ్టుకు మరొకరి పేరు రోస్టర్‌లో ముందే ఉండాలి. రాని ఆ గంటలకు జీతం కోయకూడదు.