సవరణ: జాకెట్ కంటే ముందు మడ్‌గార్డు

వానలో రోడ్ సైకిల్ తొక్కేవాళ్లకి మంచి వాటర్‌ప్రూఫ్ జాకెట్ ఉంటే చాలని మొన్న రాశాను కదా, అది దగ్గర ప్రయాణాలకే అని చదువుకోండి. దూరం వెళ్లేవాళ్లని పైనుంచి పడే చినుకుల కంటే ఎక్కువగా తడిపేది వెనక టైరు, అది రోడ్డు మీది నీళ్లని ఎత్తి నేరుగా నడుము మీద కొడుతుంది, వాన ఆగినా రోడ్డు ఆరేదాకా అది ఆగదు. ఫ్రేముకి మడ్‌గార్డు బిగించే బోల్టు రంధ్రాలు లేకపోతే సీటు కింద రాడ్‌కి బిగించే మడ్‌గార్డు దొరుకుతుంది, కానీ అది వీపుకే. బూట్లు తడిసేది ముందు చక్రం వల్ల, దాని మడ్‌గార్డు చివర నేలకి కాస్త పైదాకా వేలాడేలా ఒక రబ్బరు ముక్క తగిలించండి, తేడా మీకే తెలుస్తుంది.

జాకెట్ లోపల తడిగా ఉంటే వాన దూరిందనే అనుకోకండి. చాలాసార్లు అది మన చెమటే! జాకెట్ మీద నీళ్లు జారిపోయేలా చేసే పైపూత అరిగి గుడ్డ నీళ్లు పీల్చుకుంటే లోపలి ఆవిరి బయటికి పోదు. చంకల దగ్గర జిప్పు ఉన్న రకమైతే కాస్త నయం.

షూ కవర్లు, అంటే బూట్ల మీద వేసుకునే వాన తొడుగులు, ఎలా వేసుకోవాలని కొందరు అడిగారు: ప్యాంటు అంచు కవరు లోపలికి దోపితే కాలి మీంచి జారే నీళ్లన్నీ బూట్లోకే పోతాయి, అంచు కవరు మీదుగా బయటికే ఉండాలి.