మాటలే రాని పిల్లకు చదువా?

పాపకు నాలుగేళ్లు దాటాయి. డౌన్ సిండ్రోమ్‌తో, అంటే కణాల్లో ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండి మాట, ఎదుగుదల నెమ్మదించే స్థితితో, పుట్టింది. తండ్రి ఇంట్లోనే కార్డుల మీద మాటలు రాసి చదవడం నేర్పుతున్నాడు. ఒకటో తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరైన అతని అక్కకు ఈ తతంగం నచ్చలేదు. నా మొగ్గు తమ్ముడి వైపే. అలాగని అక్క నోరు నొక్కలేదు, నొక్కినా ఊరుకునే మనిషి కాదు.

అక్క: దాని నోట్లో పట్టుమని ఇరవై మాటలు లేవు. దాహం వేస్తే గ్లాసు వైపు చూపిస్తుంది. అలాంటి పిల్లను కూర్చోబెట్టి చదవమంటున్నావు. ముందు మాట, తర్వాత చదువు, ఆపైన రాత. ఈ వరస నేను పెట్టింది కాదు.

తమ్ముడు: ఎవరు పెట్టినా, చెవి, జ్ఞాపకం, నోరు మూడూ సజావుగా పనిచేసే పిల్లలను చూసి పెట్టారు. మన పాప సంగతి వేరు. విన్న మాట మనసులో కాసేపు నిలిస్తేనే కదా దాన్ని తిరిగి పలకగలిగేది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ నిలుపుకోవడమే. దానికి తోడు మధ్య చెవిలో నీరు చేరుతూ ఉంటుంది. అది వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అంటే ఒకే మాట ఈ వారం ఒకలా, వచ్చే వారం దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. నాలుకకు, పెదవులకు బిగువు తక్కువ. ఇన్ని గండాలు దాటి బయటికి వచ్చిన మాటలను లెక్కపెట్టి ఇరవై కూడా లేవంటున్నావు. దానికి అర్థమయ్యేవి ఎన్నో ఎప్పుడైనా లెక్కపెట్టావా? చెప్పులు తెమ్మంటే తెస్తుంది, నాన్న చెప్పులు తెమ్మంటే నావే తెస్తుంది. చెవితో విన్నదానికంటే కంటితో చూసినది ఈ పిల్లలకు బాగా గుర్తుంటుంది. కార్డు మీది మాట ఎక్కడికీ పోదు. తీరిగ్గా చూడొచ్చు, రేపు మళ్లీ చూడొచ్చు. దానికి పెద్ద తలుపు తెరిచి ఉండగా సందు తలుపు దగ్గర ఎందుకు నిలబెట్టాలి?

అక్క: గుర్తుపట్టడం చదవడం కాదు. ‘తలుపు’ కార్డు మూల మడత పడింది. ఆ మడత చూసి చెబుతోంది.

తమ్ముడు: నాకూ ఆ అనుమానం వచ్చింది. కొత్త కార్డు మీద మళ్లీ రాసి ఇచ్చాను. తీసుకెళ్లి తలుపుకే ఆనించింది.

అక్క: సరే, ‘బండి’ అని రాసి ఇవ్వు. ‘బంతి’ అంటుంది. పందెం.

తమ్ముడు: అంటుంది. నీ తరగతిలో పిల్లలు అనలేదా? నాకు కావలసింది ఆ తప్పే. రెండు కార్డులూ పక్కపక్కన పెడతాను. ముందు ‘బం’ రెండింటిలోనూ ఉంది, చివరి అక్షరం వేరు. మాటలో ముక్కలుంటాయని, ఒక ముక్క మారితే మాటే మారిపోతుందని పిల్లకు తట్టేది అక్కడే. నీ పద్ధతిలో ముందు అ, ఆ, ఇ, ఈ. ‘ఈ’ అంటే దానికి ఏమిటి? పట్టుకోలేదు, తినలేదు, దాచుకోలేదు. బంతి అయితే మంచం కింద ఉంటుంది.

అక్క: ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. అందుకని వాళ్లు మాటకు మాట కళ్లతో బట్టీ పడతారు. మనకు ఆ ఖర్మ లేదు. అక్షరం, గుణింతం, ఒత్తు వస్తే ఏది కనిపించినా పలికేయవచ్చు. పైగా తెలుగు మాట ఒక్కచోట ఊరుకునేది కాదు. ‘కుర్చీ’ నేర్పావు. రేపు పుస్తకంలో కుర్చీలు, కుర్చీలో, కుర్చీకి, కుర్చీమీద, కుర్చీలోంచి. ఎన్ని కార్డులు రాస్తావు? అది పోనీ, ‘రా’ నేర్పావు. ‘వచ్చాడు’లో ‘రా’ ఎక్కడుంది? ‘వస్తోంది’లో ఎక్కడుంది? ఇంటి నిండా కార్డులు పరిచినా ఒక్క కథ చదివించలేవు.

తమ్ముడు: ఇది గట్టి దెబ్బే. కార్డులనే నమ్ముకుని కూర్చుంటే తెలుగులో తొందరగానే దారి మూసుకుపోతుంది. అక్షరాలు రావాలి, గుణింతాలు రావాలి. ఎప్పుడన్నదే మన గొడవ. కానీ నువ్వు చెప్పిన ఆ చివరలే చూడు, లో, కి, తో, మీద. పాప నోట్లో లేనివి అవే. ‘పాప కుర్చీ’ అంటుంది. ఎక్కించమన్నా అదే, దింపమన్నా అదే. మాట్లాడేటప్పుడు మనం ఆ చివరలను గబుక్కున మింగేస్తాం, దాని చెవికి అందవు. కాగితం మీద ‘లో’ కూడా ‘కుర్చీ’ అంత లావుగా, నల్లగా ఉంటుంది. అందుకే ‘లో’ను వేరే ముక్క మీద రాశాను. కుర్చీ పక్కన పెడితే బొమ్మ కుర్చీలోకి వెళ్లాలి, డబ్బా పక్కన పెడితే డబ్బాలోకి. ఆ ఒక్క ముక్క ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటి దగ్గరికీ తిరిగింది. ఫొటోలతో చిన్న పుస్తకం కూడా కుట్టాను. ఒక పేజీలో ‘పాప నిద్రపోతోంది’, ఎదుటి పేజీలో ‘నాన్న నిద్రపోతున్నాడు’. చివర మారడం చూసి దాని వేలు అక్కడ ఆగింది.

అక్క: పైన ఫొటో ఉంది కదా. వేలు ఎక్కడ ఆగితేనేం?

తమ్ముడు: ఫొటోలు మూసి కూడా చూశాను. ఒక్కోసారి సరిగ్గా చూపిస్తుంది, ఒక్కోసారి లేదు. అది చదివేస్తోందని నేను చెప్పుకోవడం లేదు, చదువు మొదలైందంటున్నాను. ఇది నేను కనిపెట్టిన విద్య కూడా కాదు. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో స్యూ బక్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఒక తండ్రి ఉత్తరం రాశాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతురికి మూడేళ్ల వయసు నుంచి ఇంట్లోనే మాటల కార్డులతో చదవడం నేర్పానని, దాని మాట బాగుపడటానికి ఆ చదువే కారణమని. ఆ ఉత్తరంతో ఆమె ఈ పనిలో దిగింది. అక్కడ చిన్న పిల్లలు చదివేటప్పుడు చేసే తప్పులను గమనిస్తే విచిత్రం ఒకటి బయటపడింది. రాసిన మాటకు బదులు అదే అర్థం వచ్చే ఇంకో మాట చెప్పేవారు, మనం ‘పడక’ అని రాస్తే ‘నిద్ర’ అన్నట్టు. ఒట్టి ఆకారం గుర్తుపట్టే పిల్ల అలా పొరబడదు. కన్ను అర్థం దాకా వెళ్లింది, నోటికి వేరే మాట దొరికింది, అంతే.

అంతకుముందే, 1967లో, ఇంగ్లండ్‌లోనే నైజెల్ హంట్ అనే కుర్రవాడు తన జీవితకథను తానే టైపు చేసి అచ్చు వేయించుకున్నాడు. అతనికీ డౌన్ సిండ్రోమే. చదవడం నేర్పింది తల్లి. అప్పటికి ఆ దేశంలో ఇలాంటి పిల్లల్లో చాలామందికి చదువు అబ్బదని ముద్ర వేసి బడి గడప తొక్కనిచ్చేవారు కాదు. 1970లో చట్టం మార్చి, 1971 నుంచి వాళ్లందరినీ విద్యాశాఖ బాధ్యత కిందికి తెచ్చారు. బడి రానివ్వని రోజుల్లో అమ్మ నేర్పింది. నువ్వేమో ఇంట్లో ఈ చదువెందుకంటావు.

అక్క: ఒక పిల్లవాడు పుస్తకం రాశాడు. అదే వయసులో, అదే ఊళ్లో, తల్లి అంతే ఓపికగా చెప్పినా పట్టుమని పది మాటలు చదవలేకపోయిన పిల్లలు ఉండరా? వాళ్ల గురించి ఎవరూ అచ్చు వేయరు. ఆ తల్లుల మొహాలు నేను చూశాను. ‘మీరు ఇంట్లో ఇంకొంచెం చెప్పి ఉంటే’ అని నాలాంటి టీచరమ్మ అన్న మాటకు తలదించుకునే మొహాలు. నీ ప్రచారంతో అలాంటివాళ్లు పెరుగుతారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు, ఇంకో ఇద్దరు పిల్లలున్నవాళ్లు, గుండె ఆపరేషన్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు నీ కార్డులు ఎప్పుడు రాయాలి?

తమ్ముడు: రాయలేకపోతే రాయలేదు, తప్పు పట్టేవాళ్లది తప్పు. నేర్పవద్దనడానికి అది కారణం కాదు.

అక్క: నువ్వు పంపిన కాగితాల్లోనే ఇంకో పరిశోధన ఉంది, చదివావా? 2012లో వచ్చింది. ఇంగ్లండ్ బడుల్లో యాభై ఏడుగురు డౌన్ సిండ్రోమ్ పిల్లలు, అయిదు నుంచి పదేళ్ల లోపువాళ్లు. వాళ్లలో కొందరికి రోజుకు నలభై నిమిషాలు చదువు, భాష కలిపి చెప్పారు. ఇరవై వారాల తర్వాత పాఠం చెప్పించుకున్నవాళ్లు మాటలు చదవడంలో, అక్షరాల ధ్వనులు తెలుసుకోవడంలో మిగతావారికంటే ముందున్నారు. ఎవరు కాదన్నారు? కానీ నేర్పిన మాటలు వచ్చాయి, నేర్పని మాటలు రాలేదు. మొత్తం మీద మాట్లాడటం, వ్యాకరణం పెరిగినట్టు తేలలేదు. మరి చదువే మాటను లాక్కొస్తుందన్న నీ సిద్ధాంతం ఏమైంది?

తమ్ముడు: ఇరవై వారాల్లో అంతా రావాలంటే ఎలా?

అక్క: అది జవాబు కాదు.

తమ్ముడు: కాదు. ఆ పరిశోధన నా మాటను పూర్తిగా నిలబెట్టలేదు, ఒప్పుకోవాలి. అయితే నేర్పిన మాటలు నోటికి వచ్చాయని నువ్వే అన్నావు. ఇరవై మాటలున్న పిల్లకు అది చిన్న సంగతా? అందులోనే ఇంకో వాక్యం ఉంది, చిన్న వయసువాళ్లు ఎక్కువ లాభపడ్డారని. ఆగమంటున్న నీకు అది ఎదురు.

అక్క: దాని పక్క వాక్యం వదిలేశావు. మొదట్లోనే మాటలు ఎక్కువ అర్థమయ్యేవాళ్లు ఎక్కువ లాభపడ్డారు. ముందు భాష అంటున్న నాకు అది సాక్ష్యం.

తమ్ముడు: అర్థం కావడం ముందు ఉండాలని నేనూ అంటున్నాను. పలకడం ముందు కానక్కరలేదంటున్నాను. ఆ రెంటినీ నువ్వు కలిపేస్తున్నావు. కలిపేయబట్టే కదా మొన్న చుట్టాల ముందు అంత పని చేశావు.

అక్క: ఏం చేశాను?

తమ్ముడు: కార్డు మొహం మీద పెట్టి ‘ఇదేమిటో చెప్పు, ఇదేమిటో చెప్పు’ అని. అది తలుపు వైపు చూసింది, నువ్వు గమనించలేదు. దానికి అన్నిటికంటే కష్టమైన మెట్టు అదే, మాట వెతుక్కుని నోటితో పలకడం. ముందు ఒకేలాంటి కార్డు మీద కార్డు పెట్టించాలి. తర్వాత రెండు మూడు పరిచి ‘తలుపు ఏది, ఇవ్వు’ అనాలి. ఆఖరున పేరు చెప్పమనాలి. తప్పు జరిగేలోపు మనమే చెయ్యి అందించాలి. నువ్వు ఆఖరి మెట్టు మీద నిలబెట్టి, పడిపోయిందని అందరికీ చూపించావు.

అక్క: అది చదువుతున్న వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది ఎవరు? నువ్వు చూపిస్తే ముద్దు, నేను అడిగితే పరీక్షనా? నీ వీడియోలో అయిదు కార్డులకు అయిదూ చెప్పింది. చెప్పలేని వీడియోలు ఎందుకు పంపలేదు? వాళ్లు ఆశపడి వచ్చారు. వాళ్ల ముందు అది గుడ్లప్పగించి నిలబడింది. అందులో నా వాటా ఎంత, నీ వాటా ఎంత?

తమ్ముడు: వీడియో సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

అక్క: తర్వాత ఎందుకు, ఇదీ దాని సంగతే. నీకు కూతురు కావాలా, రుజువు కావాలా? నువ్వు కార్డుల డబ్బా మూత తీస్తే అది మంచం కింద దూరుతోంది. నేను చూశాను.

తమ్ముడు: సాయంత్రం అలిసిపోయినప్పుడు దూరుతుంది. పొద్దున డబ్బా తనే మోసుకొస్తుంది. అయిదు నిమిషాలు, ఇంకా కావాలన్నప్పుడే మూసేయడం, అదే నియమం. దగ్గరి వస్తువు మీద చూపు నిలపడం కూడా ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. అందుకే కళ్లజోడు, పెద్ద అక్షరాలు, మందమైన గీత. రాయమని మాత్రం అడగను. వేళ్లకు బిగువు రావడానికి ఇంకా టైము పడుతుంది. నీ పలక, దిద్దడం అప్పటికి ఉంచు. చెయ్యి సిద్ధం కాలేదని కన్నును ఖాళీగా కూర్చోబెట్టను.

అక్క: దిద్దించమని నేనూ అనడం లేదు. కానీ ఒక కార్డు రాయి. ‘చాలు’ అని. డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టు.

తమ్ముడు: అది రాస్తే రోజూ అదే తీసి ఇస్తుంది.

అక్క: ఇవ్వనీ. ఇచ్చినప్పుడు నువ్వు ఆపాలి. మధ్యలో ‘ఇంకొక్కటి’ అనకూడదు.

తమ్ముడు: ...రాస్తాను. ‘ఇంకా’ అని కూడా రాస్తాను.

అక్క: రాసుకో. మరి అక్షరాల సంగతి? ఎన్ని మాటలు వచ్చాక మొదలుపెడతావు?

తమ్ముడు: యాభై.

అక్క: అంతా అయ్యేసరికి అది ఆకారాలకు అలవాటు పడిపోతుంది. ఇరవై.

తమ్ముడు: నలభై. అదీ బంతి, బండి లాంటి జతలతోనే. అ ఆ లు కుదరవు.

అక్క: ముప్పై. జతలు నేను ఎంచి ఇస్తాను. తల, తడి, తడ, తల్లి. ఒత్తు ఎప్పుడు రావాలో నీకు తెలియదు.

తమ్ముడు: ‘తడ’ ఎందుకు? దానికి తడ ఎక్కడ కనిపిస్తుంది?

అక్క: కనిపించే మాటలే కావాలంటే గుణింతం ఎప్పటికి పూర్తవుతుంది?

తమ్ముడు: పూర్తి కావాలని ఎవరన్నారు?