మందు గాని మందుకు ఒక ఉత్తరం

స్ట్రాంగ్ బీరు మరిదికి,

మా హన్మకొండ దావత్‌లల్ల నీకున్న మర్యాద ఇంకెవ్వలికి లేదు. విస్కీ సీసా కనవడితే మా అత్తమ్మ మూతి ముడుస్తది, నువ్వొస్తే మాత్రం "అది మందెట్లయితదే, సలువ చేస్తది" అనుకుంట ఆమెనే ఫ్రిజ్జుల జాగ జేస్తది. కిడ్నీల రాళ్ళు కరగవెడ్తవని గూడ పేరు దెచ్చుకుంటివి, ఏ కాలేజీల చదివినవో డాక్టర్ సాబూ!

సరే, లెక్క జూద్దాం పా. 650 ఎమ్మెల్ సీసల 8 శాతం అంటే 52 ఎమ్మెల్ అసలు ఆల్కహాలు. మగోళ్ళు బయట కూసొని తాగే 60 ఎమ్మెల్ విస్కీ పెగ్గుల ఉండేది 26కు అటిటు. అంటే వంటింట్ల బోటీ కూర అంచుకు పెట్టుకొని, పిల్లలు జూడకుంట స్టీలు గిలాస వంచి నురుగు రాకుంట పోసుకొని, "మేం మందు ముట్టమమ్మా" అనుకుంటనే సీసా ఖాళీ జేసిన మా పెద్దాడిబిడ్డ రెండు పెద్ద పెగ్గులు కొట్టినట్టే, పైగా ఆడోళ్ళ ఒంట్ల నీళ్ళు తక్కువ, వయసు మీదవడ్డకొద్ది ఇంక తగ్గుతయ్, గందుకే మగోళ్ళంతే తాగినా రక్తంల ఎక్కువెక్కుతది.

ఇగ నలభై ఐదు దాటి ముట్లు ఆగే టైంల నీ సేవలు మస్తు. నిద్ర జల్ది వట్టిస్తవ్, నడిరాత్రి లేపి కూసోవెడ్తవ్, అసలే ఒళ్ళంత సెగలు, దానిమీద నువ్వొకటి. ఈస్ట్రోజన్ పెంచి రొమ్ము క్యాన్సర్‌కు దారి జేస్తవ్, కొద్దిగ తాగేటోళ్ళను గూడ ఇడ్సవ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లనే ఆల్కహాలును మొదటి గ్రూపుల, అంటే క్యాన్సర్ తెస్తయని పక్కా తేలినవాటిల వెట్టింది, పొగాకు ఉన్న గ్రూపే అది. ఇంత తాగితే ఏం గాదు అనే లెక్కే లేదని 2023ల డబ్ల్యూహెచ్‌ఓ గూడ చెప్పింది. మా అత్తమ్మకు ఇంక తెల్వదు.

నిన్ను ఒక్కసారే ఎల్లగొట్టుమని అందరికి చెప్తలేను. రోజూ గట్టిగ తాగేటోళ్ళు దబ్బున బంద్ వెడితే వణుకుడు, ఫిట్సు రావచ్చు, వాళ్ళు డాక్టర్ని అడిగి తగ్గించుకోవాలె. మాసొంటి దావత్ బ్యాచ్‌కు ఆ ఫికర్ లేదు, ఈ దసరకు నలుగురికి ఒక్కటే సీసా, మిగతాదంత నిమ్మకాయ సోడా. స్టీలు గిలాసల ఏమున్నదో ఎవ్వలికి తెలుస్తది?

అన్నట్టు, నీ లేబుల్ మీద ఆ శాతం అంత సన్నగ రాయించుకున్నవేందయ్యా, కండ్లద్దాలు పెట్టుకున్నా కనవడ్తలేదు.

ఇట్లు
నీ వదినె, హన్మకొండ