గెలిచినోడిది తొండి, ఓడినోడిది స్కిల్

నీళ్లు, నిధులు, నియామకాలు లాంటివి పెద్దలు చూసుకుంటారు. ఎవరూ పట్టించుకోని సమస్య ఒకటుంది, అది నేను నెత్తినేసుకుంటున్నా. చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్లలో ఏది గొప్ప, ఫైటింగ్ గేముల్లో అసలు స్కిల్ ఉన్నోడెవడు, ఇవి తేల్చకుండా జాతి ముందుకెళ్లదు.

మొదటిదానికి జవాబు సోనీ వాళ్ల పీఎస్పీ, చర్చ అయిపోయింది. నింటెండో డీఎస్ 15 కోట్లకి పైగా అమ్ముడైందండీ, పీఎస్పీ దాదాపు అందులో సగమేనండీ అని కొందరు లెక్కలు పట్టుకొస్తారు, ఓట్లు ఎక్కువొచ్చినోడల్లా మంచోడే అయితే మన నియోజకవర్గాలు ఇలా ఎందుకుంటాయి చెప్పండి. మా వీధిలో డీఎస్ ఉన్నోడు ఒక్కడూ లేడు, అంతకన్నా పెద్ద సర్వే నాకక్కర్లేదు. ఇంకొందరు 1989 నాటి గేమ్ బాయ్ అంటారు, టెట్రిస్ అంటారు. టెట్రిస్ గొప్పదే, కాదన్ను, కానీ అది మనం తిరనాళ్లలో కొన్న బ్రిక్ గేమ్‌లోనే ఆడేశాం కదా, డబ్బా మీద 9999 గేములని రాసుంటుంది, లోపల చూస్తే అవే నాలుగు స్పీడ్ మార్చుకుని తిరుగుతుంటాయి. అన్నట్టు స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ గేముని కూడా 1995లో గేమ్ బాయ్‌లో దింపారు. పార్లర్ మెషీన్‌లో దెబ్బలకే ఆరు బటన్లు, గేమ్ బాయ్‌కున్నవి రెండు. ఆ ధైర్యానికి మాత్రం దండం పెట్టాలి.

పీఎస్పీ మీద గాడ్ ఆఫ్ వార్ ఉంది, ఫైటింగ్ గేమ్ టెక్కెన్ డార్క్ రిజరెక్షన్ ఉంది, మాన్‌స్టర్ హంటర్ ఉంది. ఆ మాన్‌స్టర్ హంటర్‌లో ఎడమ బొటనవేలితో నడుస్తూ అదే చేతి చూపుడువేలు వంకర తిప్పి పైనున్న బాణం బటన్లతో కెమెరా తిప్పాలి, ఇంట్లోవాళ్లు చూస్తే పక్షవాతం అనుకుని ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఇంత కష్టపెట్టే మెషీన్ గొప్పది కాకుండా ఎలా ఉంటుంది?

కానీ పీఎస్పీ అసలు గొప్పదనం వేరే. టెక్కెన్‌లో ఇద్దరు తలపడాలంటే రెండో పీఎస్పీ కావాలి, మన ఊళ్లలో ఆ రెండోది దొరికేది కాదు, కాబట్టి ప్రతివాడూ కంప్యూటర్‌ని చితక్కొట్టి ఛాంపియన్ అయిపోయాడు. ఓడించేవాడు లేడు, చూసేవాడు లేడు, స్కిల్ పెరగడానికి ఇంతకన్నా మంచి వాతావరణం ఎక్కడుంటుంది. ఇప్పుడు ఫోన్లో ఎమ్యులేటర్ (పాత కన్సోల్ గేములు ఆడించే యాప్) వేసుకుని టెక్కెన్ 6 ఆడేవాళ్లలో కూడా చాలామంది ఈ సంప్రదాయాన్నే నిలబెడుతున్నారు.

చిక్కంతా పక్కన మనిషి కూర్చుంటేనే. ఎక్కడైనా టెక్కెన్ 3 పెట్టండి, పిన్ని కొడుకు ఏడేళ్లవాడు ఎడ్డీ అనే పాత్రని తీసుకుంటాడు. వాడికి ఎడ్డీ ఆడే కపోయిరా అనే బ్రెజిల్ యుద్ధవిద్య తెలీదు, బ్రెజిల్ ఎక్కడుందో తెలీదు, ఎక్స్, రౌండు బటన్లు రెండూ టకటకలాడిస్తుంటాడు, అక్కడ తెర మీద ఎడ్డీ చేతుల మీద నిలబడి కాళ్లు తిప్పుతూనే ఉంటాడు, మనం లేచేలోపు ఇంకో తన్ను. ఓడాం అనకూడదు, అది తొండి. స్కిల్ అంటే ఇందులోని మిషిమా కుటుంబం పాత్రల ఎలక్ట్రిక్ పంచ్, ముందుకి, వదిలి, కిందకి, ఆ తర్వాత మూల బాణమూ పంచ్ బటనూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి, అంటే సెకనులో అరవయ్యో వంతు. నేను అది వేద్దామని రెడీ అవుతుండగా వాడు తన్నేశాడు. ఇందులో స్కిల్ ఎవరిదో మీరే చెప్పండి.

దీనికి సాక్ష్యంగా అందరూ జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా వీడియో చూపిస్తారు, 2004 ఎవో అనే ఫైటింగ్ గేముల పెద్ద టోర్నీ, స్ట్రీట్ ఫైటర్ 3. బార్‌లో డైగోకి గీతంత ప్రాణం మిగిలింది, ఎదుటి ఆటగాడు జస్టిన్ వాంగ్ చున్-లీ పాత్రతో సూపర్ మూవ్ వేశాడు, పడ్డ పదిహేను తన్నుల్నీ డైగో వరసగా పారీ చేసి, అంటే తగిలే క్షణంలోనే అడ్డుకుని, తిరిగి కొట్టి గెలిచాడు. ఆ హాలు అరుపులు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తాయి. అయితే ఆ టోర్నీ కప్పు డైగోది కాదు, ఫైనల్లో కెంజీ ఒబాటా చేతిలో ఓడాడు, కప్పు కొట్టినాయన వీడియో మాత్రం ఎవడూ షేర్ చెయ్యడు. చూశారా, ఓడినోడిదే స్కిల్ అని ప్రపంచమే ఒప్పుకుంది.

ఈ సిద్ధాంతానికి అడ్డొచ్చేది లాహోర్ కుర్రాడు అర్స్లాన్ ఆష్ ఒక్కడే. 2019లో టెక్కెన్ 7లో జపాన్ ఎవో కొట్టాడు, అదే ఏడాది అమెరికాలో ఎవో కూడా కొట్టాడు, అక్కడ ఫైనల్లో ‘నీ’ (Knee) అనే పేరుతో ఆడే కొరియా దిగ్గజాన్ని ఓడించాడు. పైగా మా దగ్గర నాలాంటోళ్లు ఇంకా ఉన్నారన్నాడు. రెండో మనిషి పక్కన కూర్చుని రోజూ తంతుంటే ఎవడైనా నేర్చుకుంటాడు, దాన్ని ప్రాక్టీస్ అంటారు గానీ స్కిల్ అనరు.

కాబట్టి నా డిమాండ్ ఒకటే. ఎడ్డీని తీసుకునేవాడు ఆట మొదలయ్యే ముందే ఆ సంగతి చెప్పాలి. అవతలివాడికి తన జాయ్‌స్టిక్‌లో ఏ బటన్ పనిచెయ్యట్లేదో గుర్తు తెచ్చుకోడానికి కాస్త టైమ్ కావాలి కదా.