సార్జంట్ పెప్పర్ ఒక్క రాత్రిలో పుట్టలేదబ్బా

నెల్లూరు, కావలి, ఒంగోలు ఆర్కెస్ట్రా వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ కొన్నాళ్ళుగా తిరుగుతోంది. పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయి ప్రోగ్రాములు లేనప్పుడు ఇలాంటివి జోరుగా తిరుగుతాయి. సారాంశం ఇది: "1967లో బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళు ఎల్‌ఎస్‌డీ వేసుకుని ఒక్క రాత్రిలో సార్జంట్ పెప్పర్ ఆల్బం చేసి పడేశారు. ఆ మత్తు లేకపోతే ఆ సంగీతమే లేదు. రికార్డు చివర రహస్య సందేశం దాచారు. ఇప్పటి పిల్లలు ఎన్ని కంప్యూటర్లు పెట్టుకున్నా అలాంటిది చెయ్యలేరు. అందులో సితార్ వాయించింది మన పండిట్ రవిశంకర్. భారతీయుడిగా గర్వపడి షేర్ చెయ్యండి."

నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను, ఖాళీగా ఉన్నప్పుడు చిన్నాచితకా రికార్డింగ్ పని చూస్తాను. సైకడెలిక్ రాక్, అంటే మత్తు అనుభవాల ఛాయలతో చేసే ఈ రకం పాశ్చాత్య సంగీతం, మన స్టేజీల మీద వాయించేది కాదు, ఎవరూ అడగరు కూడా. కానీ ఆ ఆల్బం ఎలా తయారైందో వివరాలన్నీ ఎప్పుడో బయటికొచ్చాయి. పైగా అదంతా మన పనికి సంబంధించిన విషయం. అందుకని ఒక్కో మాటా పట్టుకుని చెబుతాను.

ముందు ఆ "ఒక్క రాత్రి" సంగతి. మొదటి సెషన్ 1966 నవంబర్ 24న, చివరిది 1967 ఏప్రిల్ 21న. మధ్యలో ఐదు నెలలు. లండన్‌లో అబ్బే రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో గడిపిన సమయం దాదాపు 700 గంటలని లెక్క. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్. ఎమెరిక్‌కి అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు.

ఈ అపోహ మనవాళ్ళకి అంత తేలిగ్గా ఎందుకు ఎక్కిందో ఊహించగలను. పాట రికార్డింగ్ అంటే మన పెద్దవాళ్ళు మద్రాసు లెక్కే వేస్తారు. ఆ రోజుల్లో ఇక్కణ్ణుంచి రాత్రి రైలెక్కి మద్రాసు స్టూడియోలకు వెళ్ళి వాయించి వచ్చినవాళ్ళు ఏం చూశారు? గాయకులు, వాద్యకారులు అంతా ఒకేసారి కూర్చుంటారు. ఒకడు తప్పు వాయిస్తే మళ్ళీ పల్లవి నుంచి మొదలు. ఒక కాల్షీట్‌లో పాట అయిపోవాలి. మన బాలు గారైతే ఒకే రోజు పదిహేను పాటలకు పైగా పాడిన రోజులున్నాయి. ఆ లెక్కన ఆల్బం ఒక్క రాత్రిలో అయిందంటే వింతేముంది?

బీటిల్స్ కూడా ఒకప్పుడు అలా చేసినవాళ్ళే. 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులోనే తమ మొదటి ఆల్బంలోని పది పాటలు రికార్డు చేశారు. బహుశా ఎవరో ఈ రెంటినీ కలిపేసి ఉంటారు. కానీ అవి క్లబ్బుల్లో రాత్రుళ్ళు వాయించి వాయించి చేతికి పట్టేసిన పాటలు. సార్జంట్ పెప్పర్ నాటికి కథ మారిపోయింది. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ చేశాక టూర్లు మానేశారు. రేపు ఈ పాట స్టేజీ మీద ఎలా వాయించాలన్న టెన్షన్ వాళ్ళకి లేదు. మనకి ఉన్నదే ఆ టెన్షన్. అది పోతే మనిషి స్టూడియోలో ఏమైనా చేస్తాడు. నన్నడిగితే ఆ ఆల్బం వింతగా ఉండటానికి మొదటి కారణం అదే.

రెండో కారణం అక్కడి మిషన్. అప్పుడు ఈఎంఐలో ఉన్నవి నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్లు. ట్రాకు అంటే టేప్ మీద ఒక్కో శబ్దాన్ని విడిగా ఎక్కించుకునే వరస. ఈ రోజు మీ ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్‌లో కూడా అంతకంటే ఎక్కువ ట్రాకులుంటాయి. డ్రమ్స్, బేస్, గిటార్, పియానోతో నాలుగూ నిండిపోతే, వాటిని మిక్స్ చేసి రెండో మిషన్‌లో ఒకటో రెండో ట్రాకుల్లోకి దింపుతారు. మిగిలిన ట్రాకుల మీద గొంతులు, తాళాలు, ఇంకేవైనా ఎక్కిస్తారు. మళ్ళీ నిండితే మళ్ళీ దింపుడు. దింపిన ప్రతిసారీ టేప్ హిస్, అంటే టేప్ సొంత సర్రుమనే చప్పుడు, పెరుగుతుంది. ఒకసారి దింపాక, డ్రమ్స్ కొంచెం తగ్గిద్దామా అంటే కుదరదు. మత్తులో జోగుతున్నవాడు చేయగలిగిన పనేనా ఇది? ప్రతి మెట్టు దగ్గరా నలభై నిమిషాల తర్వాత పాట ఎలా ఉండబోతుందో ముందే ఊహించి ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) పెట్టాలి.

ఆ ఐదు నెలల పనిలో మొదట పట్టుకున్న పాట 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్'. తమాషా ఏమిటంటే అది ఆల్బంలో లేదు. కంపెనీకి సింగిల్ (ఆల్బంతో పని లేకుండా విడిగా అమ్మే పాట రికార్డు) కావాల్సి వచ్చి ముందే ఇచ్చేశారు. అది తన జీవితంలోనే పెద్ద పొరపాటని మార్టిన్ తర్వాత వాపోయాడు. ఆ పాటని రెండు రకాలుగా చేశారు. ఒకటి నెమ్మదిగా, మెత్తగా. రెండోది ట్రంపెట్లు, చెల్లోలతో (పెద్ద వయొలిన్ లాంటివి), వేగంగా, శ్రుతి పెంచి. బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్‌కి మొదటిదాని మొదలు నచ్చింది, రెండోదాని చివర నచ్చింది. రెండూ అతికించమన్నాడు. శ్రుతి వేరు, వేగం వేరు, ఎలా అతికిస్తాం అన్నాడు మార్టిన్. మీరు చేస్తారులే అన్నాడు లెనన్. ఇలాంటి గాయకులు మనకీ తగులుతుంటారు.

టేప్ వేగం తగ్గిస్తే శ్రుతి కూడా పడిపోతుంది. బ్యాటరీలు అయిపోవచ్చిన టేప్ రికార్డర్‌లో పాట విన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడ అదృష్టం ఏమిటంటే, వేగం ఎక్కువున్నదానికే శ్రుతి కూడా ఎక్కువుంది. కాబట్టి దాన్ని నెమ్మది చేస్తే రెండూ ఒక్కసారే దారికొచ్చాయి. 1966 డిసెంబర్ 22న మార్టిన్, ఎమెరిక్ కలిసి టేప్ కత్తిరించి అతికించారు. పాట మొదలై సరిగ్గా నిమిషం దాటే చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, లెనన్ గొంతు ఒక్కసారిగా బరువెక్కి మత్తుగా మారుతుంది. ఆ మత్తు బ్లేడుతో కోసి, స్పీడు తగ్గించి చేసింది.

"ఆ మత్తు లేకపోతే ఆ సంగీతమే లేదు" అన్నదానికి వద్దాం. ఆ రోజుల్లో నలుగురూ ఎల్‌ఎస్‌డీ తీసుకున్న మాట నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. 1967 జూన్‌లో వాళ్ళలో ఒకడైన పాల్ మెకార్ట్నీ టీవీ కెమెరా ముందే ఒప్పుకున్నాడు. ఆ అనుభవాల ఛాయలు పాటల్లో ఉన్నాయి కూడా. కానీ పాటలోకి ఛాయ రావడం వేరు, మత్తులో కూర్చుని పని చెయ్యడం వేరు. దీనికి రుజువుగా ఒక రాత్రి జరిగింది చెబితే చాలు. 1967 మార్చి 21న 'గెటింగ్ బెటర్' పాటకి కోరస్ ఎక్కిస్తున్నారు. నిద్ర రాకుండా వేసుకునే మాత్ర అనుకుని లెనన్ పొరపాటున ఎల్‌ఎస్‌డీ మింగాడు. కాసేపటికి పాడలేనన్నాడు. విషయం తెలియని మార్టిన్, గాలి తగిలితే తేరుకుంటాడులే అని స్టూడియో డాబా మీదకి తీసుకెళ్ళాడు. ఆ డాబాకి సరైన పిట్టగోడ లేదు. లెనన్ పరిస్థితి తెలిసిన మిగతావాళ్ళు పరుగున వెళ్ళి కిందికి దింపుకొచ్చారు. ఆ రాత్రికి లెనన్ గొంతు అక్కడితో సరి. తర్వాత మార్టిన్ ఇంకో పాటకి పియానో బిట్ వాయించి ఆ సెషన్ ముగించాడు. మందు వేసుకున్నవాడు ఇంటికి, వేసుకోనివాడు పనికి.

ఆల్బంలో చివరి పాట 'ఎ డే ఇన్ ద లైఫ్' అయితే పక్కా ప్లానింగ్. మధ్యలో ఏం పెట్టాలో తెలియక 24 బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటి కొలత) ఖాళీ వదిలారు. వాళ్ళ అసిస్టెంట్ మాల్ ఎవాన్స్ ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టాడు, ఆఖర్న అలారం గడియారం మోగించాడు. ఆ లెక్కా, ఆ గడియారం మోతా ఇప్పటికీ పాటలో సన్నగా వినిపిస్తాయి. ఆ ఖాళీ నింపడానికి ఫిబ్రవరి 10న నలభై మంది వాద్యకారుల్ని పిలిచారు. అందరూ జీవితమంతా నొటేషన్ చూసి, పక్కవాడితో కలిపి వాయించినవాళ్ళు. వాళ్ళకి మార్టిన్ చెప్పింది దీనికి పూర్తిగా తిరగేసి ఉంది: మీ వాద్యంలో అతి కింది స్వరంతో మొదలుపెట్టి 24 బార్లలో పైకి చేరండి, పక్కవాడిది మాత్రం వినొద్దు. ఆ గుంపు మోతని నాలుగుసార్లు నాలుగు ట్రాకుల మీద ఎక్కించారు. నలభై మంది నూట అరవై అయ్యారు. దీన్ని అసలు పాట ఉన్న మిషన్‌తో కలపడానికి కెన్ టౌన్సెండ్ అనే టెక్నికల్ ఇంజనీరు 50 హెర్ట్జ్ సిగ్నల్‌తో రెండు టేప్ రికార్డర్లూ కలిసి నడిచే ఏర్పాటు చేశాడు. పాట చివర్లో వచ్చే ఆ పెద్ద మోత కూడా అంతే. కొన్ని పియానోల మీద ఒకేసారి ఒకే కార్డ్ (కలిపి పలికించే స్వరాల గుంపు) కొట్టి, శబ్దం సన్నగిల్లుతున్న కొద్దీ మైకుల ఫేడర్లు పైకి తోసుకుంటూ పోయారు. ఎంత పైకి తోశారంటే గదిలో కుర్చీ కిర్రుమనడం కూడా టేప్‌లోకి ఎక్కింది.

సర్కస్ పాట ఒకటుంది, 'బీయింగ్ ఫర్ ద బెనిఫిట్ ఆఫ్ మిస్టర్ కైట్'. దానికి మూలం 1843 నాటి ఒక సర్కస్ పోస్టర్. లెనన్ పాత సామాన్ల కొట్టులో కొని, అందులోని మాటలే చాలావరకు పాటగా రాసుకున్నాడు. తిరనాళ్ళ గోల కావాలన్నాడు. ఆవిరి ఆర్గన్ల పాత టేపుల్ని ముక్కలుగా కత్తిరించి, గాల్లోకి ఎగరేసి, చేతికి దొరికిన వరుసలో అతికించారు. కొన్ని ముక్కలు ఖర్మకాలి మళ్ళీ పాత వరుసలోనే పడితే, వాటిని తిరగేసి పెట్టారు. తిరనాళ్ళ మోత ఎలా ఉంటుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ దాన్ని బ్లేడుతో తయారు చెయ్యొచ్చని తోచడం గొప్పే.

రహస్య సందేశం అన్నదానికి రెండు ముక్కలు చాలు. రికార్డు లోపలి చివరి గాడిలో కొన్ని పిచ్చి మాటల్ని లూప్‌గా పెట్టారు, ఆటోమేటిక్ కాని ప్లేయర్‌లో అవి అలా తిరుగుతూనే ఉంటాయి. దానికి ముందు కుక్కలకి బాగా వినిపించేంత హై ఫ్రీక్వెన్సీ మోత ఒకటి పెట్టారు. రెండూ ఆకతాయితనం. ఇక 'లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్' పాట పేరులోని ఇంగ్లీషు మొదటి అక్షరాల్లో ఎల్‌ఎస్‌డీ దాగుందన్న మాట అప్పటినుంచీ ఉన్నదే. అది తన కొడుకు జూలియన్ బడిలో వేసిన బొమ్మ పేరని లెనన్ చివరిదాకా చెబుతూ వచ్చాడు.

"కంప్యూటర్లున్నా ఇప్పటి పిల్లలు చెయ్యలేరు" అనే మాట మీద నాకు కోపమే ఉంది. ఒకే లైను రెండుసార్లు పాడటం లెనన్‌కి విసుగు. ఆ విసుగు భరించలేక పైన చెప్పిన టౌన్సెండ్ 1966లో ఒక పద్ధతి కనిపెట్టాడు: ఒక్కసారి పాడిందాన్నే రెండో టేప్ మీదుగా కాస్త ఆలస్యంగా తిప్పి కలిపితే ఇద్దరు పాడినట్టుంటుంది. ఈ రోజు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచినా డబ్లర్, ఫ్లాంజర్ పేర్లతో బటన్లుగా కనిపించేవి ఆ సంతతివే. కందుకూరులో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడి దగ్గర ఆ బటన్ ఉంది. 700 గంటలు కేటాయించే కంపెనీ లేదు, నలభై మంది వాద్యకారులకి ఇచ్చే డబ్బు లేదు. లోటు అక్కడుంటే, పిల్లల తెలివి మీద తోస్తే ఎలా?

అన్నింటికంటే ఎక్కువ షేర్లు తెచ్చిపెడుతున్నది రవిశంకర్ ముక్క. ఆయన ఈ ఆల్బంలో వాయించలేదు. బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్‌కి ఆయన గురువు. 1966లో హారిసన్ మన దేశం వచ్చి కొన్ని వారాలు ఆయన దగ్గర సితార్ నేర్చుకున్నాడు. 'విదిన్ యూ వితౌట్ యూ' అనే పాటకి ఆధారం, రవిశంకర్ ఆలిండియా రేడియో కోసం చేసిన ఒక రచన అని హారిసనే చెప్పాడు. గౌరవం అంతవరకు న్యాయం. ఆ పాట స్వరాలు హిందుస్తానీలో ఖమాజ్ థాట్‌కి దగ్గర, మన లెక్కలో హరికాంభోజి. మధ్యలో వాద్యాల భాగంలో తాళం పది మాత్రల ఝప్‌తాల్‌కి మారుతుంది. మిగతా ముగ్గురు బీటిల్స్ అందులో ఒక్క ముక్క వాయించలేదు.

మరి వాయించిందెవరు? లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ తరఫున వచ్చిన కళాకారులు. మార్చి 15న నేల మీద తివాచీ పరుచుకుని దిల్‌రుబా (కమానుతో వాయించే తీగ వాద్యం), తంబూరా, తబలా వాయించారు. ఏప్రిల్ 3న మార్టిన్ దాని మీద ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు ఎక్కించాడు. అసలు కష్టం అక్కడ వచ్చింది. దిల్‌రుబా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. లండన్ వయొలిన్ వాళ్ళకి ఏ స్వరానికి ఆ స్వరం కచ్చితంగా పట్టడం అలవాటు. మన దగ్గర త్యాగరాజ ఆరాధనకి వయొలిన్ పట్టుకొచ్చిన పిల్లాడు కూడా ఆలోచించకుండా వేసే జారుని, వాళ్ళ చేత వేయించడానికి మార్టిన్ నొటేషన్‌లో తంటాలు పడాల్సి వచ్చింది. మీకు ఆసక్తి ఉంటే ఆ పాటలో దిల్‌రుబాని, వయొలిన్లని విడివిడిగా పట్టి వినండి, ఎవరు తేలిగ్గా జారుతున్నారో తెలిసిపోతుంది.

ఆ కళాకారుల పేర్లు రికార్డు అట్ట మీద వెయ్యలేదు.  పేర్లు జనానికి తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. తబలా నట్వర్ సోనీ. దిల్‌రుబా అన్నా జోషి, అమృత్ గజ్జర్. తంబూరా బుద్ధదేవ్ కన్సారా. ఫ్లెక్సీ మీద సింగర్ ఫోటో, ఆర్గనైజర్ ఫోటో పడి, తబలా వాడి పేరు ఎక్కడా కనపడకపోవడం మనకి కొత్తేం కాదు. అలాంటిది మనమే వాయించనివాడి పేరు పెట్టి, వాయించినవాళ్ళని మళ్ళీ తుడిచేస్తున్నాం. అయినా ఆ మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యాలనిపిస్తే, రవిశంకర్ పేరున్న చోట ఈ నాలుగు పేర్లూ పెట్టి పంపండి.