ఎగుమతి బీమాకు ఇచ్చిన 4,400 కోట్లు ఎవరి జేబులోకీ పోలేదు

చిత్తూరు, తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "యుద్ధం పేరు చెప్పి కేంద్రం 4,400 కోట్ల ప్రజాధనాన్ని ఎగుమతిదారులకు పంచిపెట్టింది. ఓడ మునిగినా, సరుకు చెడినా సర్కారే కడుతుంది. రైతుకు దమ్మిడీ లాభం లేదు. ప్రైవేటు కంపెనీలుండగా ప్రభుత్వానికి ఈ పనెందుకు?"

ముందు ఆ 4,400 కోట్ల సంగతి. ఎగుమతిదారులకు అప్పు బీమా, అంటే అరువుకు అమ్మిన సరుకు డబ్బు రాకపోతే ఆదుకునే బీమా, ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ. ఐదేళ్లలో విడతలుగా దానికి మూలధనం ఇచ్చేందుకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న మొత్తం అది. ఒప్పుకున్నది 2021 సెప్టెంబరులో. రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది 2022 ఫిబ్రవరిలో. మరి యుద్ధం పేరు ఎక్కడ చెప్పినట్టు? ఆ మూలధనం దన్నుతో సంస్థ మరో 88,000 కోట్ల దాకా బీమా బాధ్యత మోయగలదని కేంద్రం అప్పుడే చెప్పింది. బీమా కావాలంటే ఎగుమతిదారు ప్రీమియం కట్టాల్సిందే.

ఓడ మునిగితే కడతారన్నదీ తప్పే. సరుకు పాడైతే, మునిగితే చూసుకునేది మెరైన్ బీమా. ఈసీజీసీ చూసేది డబ్బు రాకపోవడం: కొన్నవాడు దివాలా తీయడం, ఎగ్గొట్టడం, అతని దేశంలో యుద్ధం రావడం, అక్కడి ప్రభుత్వం డబ్బు బయటికి పోనివ్వకపోవడం. ఓడ దారి మళ్లడం వల్ల పడే అదనపు రవాణా ఖర్చు కొన్నవాడి దగ్గర రాబట్టుకోలేకపోతే అదీ ఇందులోకి వస్తుంది. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడు ఇది ఎంత అవసరమో తెలిసింది. నాణ్యత బాగాలేదని కొన్నవాడు పేచీ పెడితే మాత్రం, వాడి దేశపు కోర్టులో తీర్పు తెచ్చుకుంటే తప్ప పైసా రాదు.

రైతుకు లాభం లేదన్న మాట దగ్గర నాకు నిజంగా కడుపు మండుతుంది. మన తోతాపురి మామిడి ఎక్కువగా పోయేది గుజ్జు ఫ్యాక్టరీలకే. ఆ గుజ్జు డ్రమ్ములు సౌదీ, యెమెన్, నెదర్లాండ్స్ దాకా పోతాయి. సీజన్ రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే కాయ కొనాలి, కూలీలకివ్వాలి, డ్రమ్ములు తెచ్చుకోవాలి. ఆ డబ్బు బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్‌గా, అంటే సరుకు ఓడెక్కక ముందే ఇచ్చే అప్పుగా, ఇస్తుంది. అప్పు మునిగితే బ్యాంకు నష్టంలో పెద్ద భాగం భరించే బీమా కూడా ఈసీజీసీదే. ఆ ధీమా తీసేస్తే చిన్న ఫ్యాక్టరీకి బ్యాంకు అంత తేలిగ్గా అప్పివ్వదు. అప్పు దొరకని ఫ్యాక్టరీ కాయ కొనదు.

2025 సీజన్‌లో ఏం జరిగిందో బంగారుపాళ్యం, గుడిపాల వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. గేటు బయట ట్రాక్టర్ల వరస, కింది కాయ నలిగి రసం కారుతుంటే ట్రాలీ మీదే నిద్రపోయిన రైతులు. పాత గుజ్జే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు చెప్పాయి. చివరికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, రాష్ట్రం 4 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. బీమా ఉంటే ఇది జరిగేది కాదని అనను. కొనేవాడే లేకపోతే బీమా ఏం చేస్తుంది? కానీ అమ్మిన సరుకు డబ్బు కూడా ఇరుక్కుంటే, మరుసటి ఏడు ఆ వరస ఇంకా పొడవవుతుంది.

ఇక ప్రైవేటు మాట. ఎగుమతి అప్పు బీమాలో ఈసీజీసీ వాటా దాదాపు 85 శాతమని 2021లో కేంద్రమే చెప్పింది. యుద్ధం ముదిరితే లాభం కోసం నడిచే బీమా కంపెనీ వెనక్కి తగ్గుతుంది. సరుకు మీది యుద్ధ బీమాను ఏడు రోజుల నోటీసుతో రద్దు చేసుకునే నిబంధన ప్రపంచమంతటా ఉంది. బ్రిటన్ ప్రభుత్వం 1919లోనే ఎగుమతి అప్పుకు హామీ ఇవ్వడం మొదలెట్టింది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రైవేటు వాళ్లు మోయలేని భారం కనుక. మన సంస్థ 1957 నాటిది.

అడగాల్సింది వేరే ఉంది. కాగితాల పని చూసుకునే మనిషి లేని చిన్న గుజ్జు ఫ్యాక్టరీలకు ఈ బీమా ఎంతవరకు అందుతోంది? జిల్లా పరిశ్రమల కేంద్రం, బ్యాంకులు కలిసి సీజన్‌కు ముందే వాళ్లను కూర్చోబెట్టి పాలసీ, కొనుగోలుదారు పరిమితి (ఒక్కో కొనుగోలుదారు మీద ఎంతవరకు బీమా ఉంటుందో ఆ హద్దు) ఇప్పించాలి. ఓడ కదిలాక అడిగితే పని జరగదు.