పేకాటలో ఆఖరి ముక్క దగ్గర నా నోట్లోంచి ఊడిపడే ‘చూద్దాం’కి

ఒరే చూద్దాం,

బయట నీ అంత మర్యాదస్తుడు లేడు. ఎవడైనా అప్పడిగితే ‘చూద్దాం’ అంటాను, వాడికి అర్థమైపోయి టీ తాగి వెళ్ళిపోతాడు. పెళ్ళి సంబంధం తెచ్చినవాళ్ళతో అంటే వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యరు. మొత్తం శ్రీకాకుళంలో నువ్వంటే ‘లేదు’ అనే అర్థం. మరి చేతిలో రెండు ముక్కలు, కింద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పరిచే పోకర్ దగ్గర కూర్చునేసరికి నీకేం పోయేకాలం వస్తుంది? అవతలివాడు పెట్టినంతా నేనూ పెట్టి వాడి ముక్కలు చూడాలంటే అనేది నిన్నే. అక్కడొక్కచోటే ‘తీసుకోండి బాబూ, నావన్నీ మీవే’ అనే అర్థం ఎందుకొస్తుంది?

డబ్బులు కాదులే, మేం ఆడేది చింతపిక్కలతో. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకి 2020లో రాష్ట్రం, 2025లో కేంద్రం తలుపులు మూసేశాయి, మా అమ్మ అంతకు చాలా ముందే మూసేసింది. పిక్కలే అయినా పోతే కడుపు మండుతుంది, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం సంగతి గుర్తుందా? నా చేతిలో డైమను రాణి, ఇస్పేటు ఆసు. కింద పరిచినవాటిలో ఇంకో రాణి ఉంది, దాని పక్కన ఇస్పేట్లు రెండు. మొదటి మూడు ముక్కలు పరిచాక బావ పిక్కలు పెట్టాడు, నాలుగోది పరిచాకా పెట్టాడు. ఐదోది, అంటే రివర్, ఏ రంగుకీ పనికిరాని కళావరు మూడు. కుప్పలో 40 పిక్కలున్నాయి. బావ 20 లెక్కపెట్టి, ఒకటి పుచ్చిపోయిందని దాన్ని మార్చి మరీ, ముందుకి తోశాడు.

లెక్క నాకు తెలీదా? 20 పెడితే 60 వస్తాయి. నాలుగుసార్లు చూసి మూడుసార్లు ఓడినా ఒక్కసారి గెలిస్తే సరికి సరి. కాబట్టి అడగాల్సింది నా ముక్కలెంత బాగున్నాయని కాదు, నాలుగింట్లో ఒక్కసారైనా బావ చేతిలో ఏమీ లేకుండా ఉత్తుత్తినే పెడతాడా అని. ఉత్తుత్తినే పెట్టాలంటే ఒకే రంగువి ఐదు కుదరక చేతిలో మిగిలిపోయిన ఇస్పేట్లుండాలి. వాటిలో పెద్దది, ఆసు, నా చేతిలోనే ఉంది కదా! దాన్ని చూసి నేను ధైర్యం తెచ్చుకున్నాను గానీ, అది నా దగ్గరుందంటే బావ అబద్ధమాడే దారుల్లో మంచిదొకటి మూసుకుపోయినట్టే. పైగా బావ ఎలాంటివాడు? రైతుబజార్లో అర్ధరూపాయి చిల్లరకి నిలబడిపోయే మనిషి, ఊరికే 20 పిక్కలు నీళ్ళలో పోస్తాడా?

మాకు రివర్ అంటే నాగావళి. ఒడిశాలో వాన పడి ఎగువన తోటపల్లి బ్యారేజీ గేట్లెత్తారంటే ఇక్కడ ఒడ్డునున్నవాళ్ళు సామాన్లు సర్దుకుంటారు. బావ మూడుసార్లు గేట్లెత్తాడు. నేను మాత్రం చాప పరుచుకుని కూర్చున్నాను.

నిజం చెప్పనా? నేను గెలుస్తానని కాదు, బావ చేతిలో ఏముందో తెలీకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు, అందుకే. ఇంతవరకూ పెట్టాం కదా, ఇంకో ఇరవైకి ఆగిపోతామా అని నువ్వే చెవిలో గుసగుసలాడతావు. పెట్టేసినవి పెట్టేసినవే, అవి ఇంక నావి కావు, ఈ ముక్క నాకు తెలుసు. నీకే తెలీదు.

“ఏటి బావా, సూత్తావా?” అన్నాడు.

“చూద్దాం.”

ఐదుల జత తిప్పాడు. కింద ఇంకో ఐదు ముందే ఉంది. మూడు ఐదుల ముందు నా రెండు రాణులు ఏపాటి?

తర్వాతి ఆటలో పళ్ళు బిగబట్టి నిన్ను మింగేశాను. ముక్కలు పడేశాను. బావ తన రెండు ముక్కలూ తిరగేసి కూడా చూపించకుండా, నవ్వుతూ పేకలో కలిపేసి పిక్కలు లాక్కున్నాడు. ఏముందని అడిగితే “ఏటో” అన్నాడు. బావ పాలకొండ బస్సెక్కాక ఫోన్ చేసి అడిగాను, ఫోన్ పెట్టేశాడు. మంగళవారం మళ్ళీ అడిగాను.

ఈ ఆదివారం వస్తాడట. పిక్కలు కడిగి ఎండలో పెట్టాను. నువ్వు మాత్రం రాకు.

ఇట్లు,
పిక్కలు తక్కువైనవాడు